తడిక వెనక భోజనం

హోటలు పేరెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. మా తమ్ముడి పిల్లలు పుట్టినరోజనీ, పరీక్ష పాసయ్యామనీ నన్ను బలవంతాన ఏలూరు లాక్కుపోయి, చల్లటి గదిలో కూర్చోబెట్టి, ఏం తింటావత్తా అని అడుగుతారు. అట్ట మీద అచ్చేసిన పేర్లన్నీ చదివి వినిపిస్తారు. ఏదో ఒకటి తెమ్మంటాను, తెచ్చింది తింటాను. ఆ తిండి మీద నాకేం కోపం లేదు. హోటల్లో తినొచ్చి ఇంట్లో గొప్పలు చెప్పే మగవాళ్ళ మీద ఉంది నా కోపం. అది ఈ జన్మకి చల్లారేది కాదు.

నాకు పెళ్ళయింది పందొమ్మిదివందల ముప్పైల మొదట్లో. పుట్టిల్లు కొల్లేటి లంక. అత్తవారిల్లు నల్లజర్ల పక్కన మెట్ట ఊరు. మా ఆయన నువ్వులు, వేరుశనగ, పొగాకు బేరాలు చేసేవాడు. వారంలో సగం రోజులు బస్సెక్కి తాడేపల్లిగూడెం, అక్కణ్ణించి రైల్లో ఏలూరు, బెజవాడ, రాజమండ్రి తిరిగేవాడు. 'ఆయన' అనడం నోటికి అలవాటు కనక అంటున్నాను గానీ, 'తిన్నారు', 'వచ్చారు' అనడం మానేసి చాలా కాలమైంది. ఆ మర్యాద ఎక్కడ పోగొట్టుకున్నాడో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఊళ్ళు తిరిగొచ్చిన మనిషి ఏం చెబుతాడు? ధరలు చెబుతాడు, మనుషుల సంగతులు చెబుతాడు. మా ఆయన తిన్న తిండి చెప్పేవాడు. బెజవాడ స్టేషను దగ్గర ఇడ్లీ ఎంత తెల్లగా ఉందో, రాజమండ్రిలో పెసరట్టు ఎంత పల్చగా పోశారో, ఏలూరు కాఫీ హోటల్లో గ్లాసు మీద నురగ ఎంత ఎత్తు లేచిందో, ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఒక్కటీ నేను చూసింది కాదు. బెజవాడలో ఒకసారి మిలిటరీ హోటల్లో కోడిపలావు తిని, ఆ పక్క సారా కొట్లో కూడా కూర్చుని వచ్చాడు. ఆ సంగతి మటుకు ఆయన చెప్పలేదు, చొక్కా చెప్పింది.

వీటన్నిటికీ మించింది తాడేపల్లిగూడెం భోజన హోటలు. బజార్లో బ్రాహ్మలు నడిపే హోటలది. అక్కడి సాంబారు గురించి మా ఇంట్లో మాట్లాడుకున్నంత దేవుడి గురించి కూడా మాట్లాడుకోలేదు. గడప తొక్కగానే దయచేయండి అంటారట. పీట వాల్చి, ఇంత పొడుగు అరిటాకు వేస్తారట. చాలు చాలు అంటున్నా వినిపించుకోకుండా ఇంకొంచెం వేసుకోమని బతిమాలతారట. తను వెళ్ళకపోతే ఆ రోజు హోటలు వాళ్ళకి దిగులట. ఇదంతా నేను వడ్డిస్తుండగా, నా మొహం వంక చూస్తూ చెప్పేవాడు. చివర్న మా అత్తగారి వైపు తిరిగి, చేపల కంపు కొట్టే కొల్లేటి చేతులకి ఆ వాటం ఎక్కణ్ణించి వస్తుందమ్మా అనేవాడు.

ఆ రోజుల్లో మా వైపు ఇళ్ళల్లో సాంబారు ఎవరూ కాచేవారు కాదు. పప్పుపులుసే. ఎప్పుడూ రుచి చూడని వంటకం ఎలా వండాలి? అయినా వండాను. ఆయన చెప్పే గుర్తుల్ని బట్టి ములక్కాడలు వేశాను, ధనియాలు వేయించి దంచి వేశాను, ఇంగువ తెప్పించుకుని వేశాను. ఒకసారి పల్చనయింది, ఒకసారి చిక్కనయింది. ప్రతిసారీ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచేవాడు. నిండు కంచంలో చెయ్యి కడగడమంటే వండినదాని మొహాన ఉమ్మడమే. ఆ అన్నం తీసుకెళ్ళి గేదె కుడితిలో పోసి, ఆయన కూర్చున్న చోట పేడనీళ్ళతో అలికి, నేను మజ్జిగన్నం తినేదాన్ని. కడుపు మండిపోయేది. నోరు మాత్రం లేచేది కాదు.

పెళ్ళయి నాలుగేళ్ళయినా పిల్లల్లేరు. మా అత్తగారికి ఒక మేనకోడలు ఉంది, పెళ్ళీడుకొచ్చింది, సాంబారు పెడుతుందట. ఆ పిల్ల పేరు మా ఇంట్లో వారానికొకసారి వినపడేది మొదట, తరవాత రోజూ వినపడసాగింది. ఆ ఏడు శ్రావణమాసంలో మా ఆయన నన్ను పెట్టె సర్దుకోమన్నాడు. మీ అమ్మ దగ్గర కొన్నాళ్ళుండి వంట నేర్చుకో, ఎప్పుడు రావాలో నేనే కబురు పెడతాను అన్నాడు. అలా పంపినవాళ్ళకి కబురు రాదు. అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు, గుమ్మంలో నిలబడి పసుపూ కుంకుమా పెట్టిన మా అత్తగారికీ తెలుసు. ఏలూరు రేవులో నేను పడవెక్కితే నా కాపురం అయిపోయినట్టే. మొగుడు వదిలేసిందన్న పేరుతో నేను మా ఊళ్ళో బతకాలి. బస్సులో నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఏం చేస్తే ఈ మనిషి మనసు మారుతుందా అని దారి పొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాను.

తాడేపల్లిగూడెం చేరేసరికి ముసురు. ముందెక్కడో లైను మీదికి నీళ్ళొచ్చాయని, ఏలూరు బండి మధ్యాహ్నం దాటితే గానీ రాదని స్టేషన్లో చెప్పారు. తెల్లవారుజామున తిన్న చద్దన్నం ఎప్పుడో అరిగిపోయింది. మా ఆయన రెండు అరిటిపళ్ళు కొని నా చేతిలో పెట్టి, ఇక్కడే బెంచీ మీద కూర్చో, భోంచేసి వస్తాను అన్నాడు.

అప్పుడు నాకు ఆ ఊహ వచ్చింది. అసలు ఆ సాంబారేమిటో ఒక్కసారి తింటే నేను నేర్చుకోలేకపోతానా? నేర్చుకుంటే నన్ను పంపాల్సిన పనేముంది? వెర్రిదాన్ని, నిజంగా సాంబారు కోసమే పంపేస్తున్నాడని ఇంకా ఏ మూలో నమ్ముతున్నాను.

"వంట నేర్చుకోమన్నారు కదండీ. ఆ వంటేదో నేనూ చూస్తాను, తీసుకెళ్ళండి," అన్నాను.

ఆయన గొంతులో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది. ఆడవాళ్ళు హోటలుకి రాకూడదన్నాడు. నలుగురూ చూస్తే నవ్వుతారన్నాడు. మా ఊరి పెద్దాయన ఒకాయన అదే బండి కోసం పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆయన కల్పించుకుని, ఈమధ్య ఆడవాళ్ళకోసం తడిక కట్టారనీ, పేరంటానికి వచ్చిన కుటుంబాలు కూడా తింటున్నాయనీ, కడుపు మాడ్చకుండా పిల్లని తీసుకెళ్ళమనీ చెప్పాడు. పెద్దాయన మాట కాదనడానికి లేక మా ఆయన గొడుగు తీశాడు. బజారంతా నాకు నాలుగడుగులు ముందే నడిచాడు, నేనెవరో తెలియనట్టు.

హోటలుకి పెద్ద ముందుగది ఉంది. అందులో పీటలు వాల్చి ఉన్నాయి, అరిటాకులు వేసి ఉన్నాయి, పై కండువాలు తీసి భోంచేస్తున్న వాళ్ళున్నారు. సరిగ్గా మా ఆయన చెప్పినట్టే. నేను అటు అడుగెయ్యబోయాను. ఆయన గభాల్న నా చెయ్యి పట్టుకుని పక్క సందులోకి తిప్పాడు. ఆ గది బ్రాహ్మలకి. మిగతావాళ్ళకి సందులోంచి వెళితే పెరటివైపు పంచ, తాటాకు కప్పు. ఒక పక్క పొయ్యిల్లోకి తెచ్చిన కట్టెలు పేర్చి ఉన్నాయి, ఇంకో పక్క చూరునీళ్ళు కారుతున్నాయి. పీటల్లేవు. ఆకులు మోదుగాకులు. ఒక మూల తడిక కట్టి ఉంది. నేను దాని వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. తడికకి సందులున్నాయి. అవతల మా ఆయన స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాడు.

వడ్డించే పంతులు వచ్చాడు. దయచేయండీ లేదు, ఏమీ లేదు. నిలువెత్తున నిలబడి, తగలకుండా, అన్నం ఆకులోకి జారవిడిచాడు. సాంబారు పైనుంచి పోస్తే మా ఆయన చొక్కా మీద చిందింది. ఆయన తుడుచుకోలేదు. నీళ్ళకి గ్లాసు ఇవ్వరు. అడిగినవాడు దోసిలి పట్టాలి, పంతులు పైనుంచి చెంబుతో పోస్తాడు. మా ఇంటి పెరట్లో పాలేరుకి కూడా అలాగే పోసేవారు కనక ఆ పద్ధతి నాకు కొత్తేం కాదు. మా ఆయన దోసిలి పట్టి, మెడ వంచి, గుటకలు వేస్తుంటే చూడడం కొత్త.

సాంబారు నోట్లో పెట్టుకున్నాను. వేణ్ణీళ్ళు. పప్పు కోసం ఆకంతా వెతుక్కోవాలి. ఉప్పు చాల్లేదు, పులుపు ఎక్కువైంది. ఇంకో ముద్ద తిన్నాను, పొరపాటు నాదేమోనని. మూడో ముద్దకి నాకు ఎక్కళ్ళేని కోపం వచ్చింది. నాలుగేళ్ళు నేను కాచి పారబోసిందాంట్లో ఒక్కటీ ఇంత అధ్వానంగా లేదు. అవతల మా ఆయన ఆ నీళ్ళు జుర్రుకుంటూ, పంతులు దగ్గరికి వచ్చినప్పుడల్లా, "సాంబారు అమృతమండి పంతులుగారూ, మీ చేతి మహిమండి," అంటున్నాడు. ఆ పంతులు ఒక్కసారైనా పలకలేదు. బతిమాలింది మా ఆయనే. ఇంకొంచెం పోయించండి అని రెండుసార్లు అడిగితే ఒకసారి పోశాడు.

అంతవరకూ అయినా సరిపెట్టుకునేదాన్నేమో. తినడం అయ్యాక ఆయన లేచాడు. ఆకు మడిచి, రెండు చేతులా పట్టుకుని, వానలో పెరటి గోడ దాకా వెళ్ళి గోతిలో పారేశాడు. తిరిగొచ్చాడు. మూల ఉన్న తట్టలోంచి పేడ ముద్ద తీసుకున్నాడు, చెంబులో నీళ్ళు పోసుకున్నాడు. పంచె ఎగ్గట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, తను తిన్న చోటు చేత్తో శుభ్రంగా అలికాడు. ఎవరూ చెప్పలేదు. తట్ట ఎక్కడుందో చూసుకోనక్కరలేదు, చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఎన్నేళ్ళ అలవాటో అది. అది అక్కడి పద్ధతి. ముందుగదిలో వాళ్ళ ఆకులు హోటలు మనుషులు తీస్తారు, పంచలో వాళ్ళు ఎవరి ఎంగిలి వాళ్ళే ఎత్తి అలకాలి. పంతులు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి చూశాడు. ఆ మూల మిగిలిపోయిందన్నట్టు వేలు చూపించాడు. మా ఆయన చిత్తం అని ఆ మూలా అలికాడు.

జాలి వెయ్యాల్సింది. వెయ్యలేదు. ఆ పంతులు మీద వచ్చిన కోపం కన్నా మా ఆయన మీద వచ్చిన కోపం పదింతలు. ఈ మనిషి ఇక్కడ మింగిందంతా మోసుకొచ్చి నాలుగేళ్ళూ నా మొహాన కక్కాడు. లేని మర్యాదలు కల్పించి చెప్పి, ఉన్న తిండిలో చెయ్యి కడిగాడు. సాంబారు రాని పాపానికి నన్ను పడవెక్కించబోతున్నాడు.

అప్పుడు పంతులు తడిక వైపు చూసి, "ఏవయ్యా, మీ ఆడమనిషి ఆకు కూడా తీయించు," అన్నాడు.

మా ఆయన తడిక వెనక్కి వచ్చాడు. చేతులకి ఇంకా పేడ ఉంది. నా మొహం చూసేసరికి నేను అంతా చూశానని తెలిసిపోయింది, మొహం మాడిపోయింది. గొంతు తగ్గించి, తొందరగా ఆకు తీసి చోటు అలుకు, బండి వేళయింది అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "రోజూ ఇంట్లో నేనే తీస్తున్నాను కదండీ. ఇక్కడ మీకు అలవాటేగా, మీరే తీయండి," అన్నాను.

చూరునీళ్ళ కింద చెయ్యి కడుక్కుని, సందులోంచి వీధిలోకి వచ్చి నిలబడ్డాను. అలా ఎలా అనగలిగానో నాకిప్పటికీ తెలియదు. కాసేపటికి ఆయన వచ్చాడు, చేతులు పంచెకి తుడుచుకుంటూ. నా ఎంగిలాకు ఎత్తాడు, నేను కూర్చున్న చోటు కూడా అలికాడు. ఇంకొకళ్ళ చేత చేయించడానికి ఆ హోటల్లో ఇంకొకళ్ళు లేరు మరి.

బండిలో ఏలూరు చేరాం. స్టేషను నుంచి జట్కాలో కాలవ రేవుకి వెళ్ళాం. మా లంకకి వెళ్ళే పడవ ఇంకా నిండలేదు. మా ఆయన, ఇక్కడ మంచి కాఫీ హోటలుంది, నీకు తాగించనా అన్నాడు. ఆ నురగ కాఫీయే. అక్కడ కూడా గ్లాసు మీరే కడగాలా అండీ అని అడిగాను.

రేవు పక్కన ఒక సాయిబు టీ కొట్టు పెట్టుకుని ఉన్నాడు. నేను వానలో తడవడం చూసి లోపలికి రమ్మన్నాడు. భుజం మీద తువాలుతో స్టూలు తుడిచి, "కూర్చోండమ్మా, పడవ ఇప్పట్లో కదలదు," అన్నాడు. టీ ఇమ్మన్నాను. మా ఆయన గుమ్మం బయటే గొడుగు కింద నిలబడి, సాయిబు కొట్లో టీ తాగితే మన పరువేం కాను అని పళ్ళు బిగించి గొణిగాడు. ఇందాక పేడ అలికిన చేతులు ఆయనవి. పరువట! నేను నిదానంగా, చుక్క మిగల్చకుండా తాగాను. గ్లాసు ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, ఆ సాయిబు ఇటివ్వండమ్మా అని నా చేతిలోంచి తీసుకుని కడగడానికి పట్టుకెళ్ళాడు.

బయటికి వచ్చాక మా ఆయన నన్ను రేవు చివరికి తీసుకెళ్ళాడు. ఇవాళ చూసిందేదీ అక్కడ ఎవరితోనూ అనొద్దన్నాడు. లంకల్లో మాట దాగదు, పడవెక్కి రేపటికల్లా మన ఊరు చేరుతుందన్నాడు. అసలు నువ్వు పడవ ఎక్కొద్దు, సాయంత్రం బండికి వెనక్కి పోదాం, అమ్మకి నేను చెప్పుకుంటాను, ఇంకెప్పుడూ నీ వంటకి వంక పెట్టను అన్నాడు. పొద్దున బస్సులో ఆ మాట అని ఉంటే ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చేదాన్ని. నా కాపురం నాకు దొరికింది. కావలసిందల్లా నోరు మూసుకుని ఆ గొడుగు కింద నడవడమే.

"వస్తానండీ. ఒక్క మాట," అన్నాను. "ఇంట్లో కూడా తిన్న కంచం మీరే తీసి, ఆ చోటు మీరే అలకాలి. హోటల్లో చేసినట్టే."

మొదట నవ్వులాట అనుకున్నాడు. నేను నవ్వడం లేదని చూసి, ఇల్లూ హోటలూ ఒకటేనా అన్నాడు. కాదండీ, హోటల్లో డబ్బిచ్చి కూడా అలికారు, ఇంట్లో ఊరికే పెడుతున్నాను అన్నాను. అమ్మ చూస్తే ఏమంటుంది అన్నాడు. చూడనివ్వండి అన్నాను. నేను చేసే పని ఆయన్ని రోజూ చెయ్యమని కాదు. ఒక్కనాడు చేసినా చాలుననుకున్నాను. ఒక్కనాడు మా అత్తగారి కళ్ళ ముందు ఆ కంచం ఎత్తితే, నాలుగేళ్ళదీ మర్చిపోదామనే ఉంది నాకు. ఆ మాట కూడా చెప్పాను.

ఆయన అన్నాడు, "మగాడు పెళ్ళాం ముందు ఎంగిలెత్తితే ఇంక వాడికేం మిగులుద్దే?"

"ఆ పంతులు ముందు ఎత్తాక ఏం మిగిలిందండీ?"

పడవవాడు కేకేశాడు. మా ఆయన నా పెట్టె వంక చూశాడు, నా వంక చూశాడు. మళ్ళీ అడుగుతాడేమో, సరే అంటాడేమో అని నేను ఆశపడ్డ మాట నిజం. ఆయన వంగి పెట్టె ఎత్తి, పడవలో పెట్టాడు.

పలకరించనైనా పలకరించనివాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని నేల అలికిన మనిషికి, ఇంట్లో ఒక్క పూట ఒక్క కంచం ఎత్తడం కన్నా పెళ్ళాన్ని వదులుకోవడమే తేలికయింది. పడవ కదిలాక నేను వెనక్కి తిరిగి చూడలేదు.

మా లంక చేరేసరికి మసకవెలుతురు. మా అమ్మ రేవులో గిన్నెలు తోముకుంటోంది. కబురు లేకుండా పెట్టెతో దిగిన నన్ను చూసి లేచి నిలబడింది. అలా దిగిన ఆడపిల్లలు ఆ రేవుకి కొత్త కాదు.

"పంపేశాడా?" అంది.

"లేదమ్మా. ఉండమన్నాడు. నేనే వచ్చేశాను."